బ్యాంకులో డబ్బుంది కదా, పంచేద్దామా? మన వెంచర్ కంపెనీలో డివిడెండు ఇచ్చే పద్ధతి

భూమి కొని ప్లాట్లు చేసి అమ్మే వెంచర్ కంపెనీ మన వైపు ఎలా పుడుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఒక రిటైరైన మాస్టారు, ఒక మందుల షాపాయన, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒక వెల్డరు, భోగాపురం రోడ్డు పక్కన పొలమున్న బావమరిది ఒకడు. నలుగురూ కలిసి ఇంకో ఇద్దరిని చేర్చుకుంటారు, మూడెకరాలు కొంటారు, ఆడిటర్ని పట్టుకుని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెడతారు. రాళ్ళు పాతుతారు, జెండాలు కడతారు. రెండో ఏడు దసరా వచ్చేసరికి అసలు ప్రశ్న వస్తుంది: మన వాటా ఎప్పుడిస్తారు? కంపెనీ తన లాభంలోంచి వాటాదారులకు పంచే ఆ డబ్బునే డివిడెండు అంటారు.

ఇలాంటి కంపెనీలకు లెక్కలు రాయడమే నా పని. విజయనగరంలో కోట జంక్షన్‌కి దగ్గర్లో మెట్లెక్కి పైకొస్తే ఒక చిన్న గది ఉంటుంది, నా టేబులు అక్కడే. ఆమధ్య ఒక పెద్దాయన బ్యాంకు స్టేట్‌మెంటు మడతపెట్టి తెచ్చి టేబులు మీద పరిచారు. చివరి లైను కింద పెన్నుతో రెండు గీతలు గీసి ఉన్నాయి.

"ఏటి బాబూ, కోటీ పది లచ్చలుంటే లాభం లేదంతావేటి?"

"బాబాయ్, లాభం ఉంది. కానీ ఇది కాదు" అన్నాను.

ఆయన నమ్మలేదు. నమ్మించడానికి ఆ సాయంత్రం వరకూ పట్టింది. ఆ రోజు ఆయనకు చెప్పినదాన్నే ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీరు డైరెక్టరైనా, ఉత్త వాటాదారైనా పనికొస్తుంది.

ముందు మీది కంపెనీయేనా చూసుకోండి

బోర్డు మీద 'డెవలపర్స్' అనో 'ఇన్‌ఫ్రా' అనో ఉన్నంత మాత్రాన అది కంపెనీ అయిపోదు. మన దగ్గర చాలావరకు పార్ట్‌నర్‌షిప్ ఫర్ములే. ఫర్మయితే డివిడెండు అన్న మాటే లేదు. ఫర్ము తన లాభం మీద పన్ను కట్టేశాక పార్ట్‌నర్‌కు వచ్చే లాభం వాటా మీద మళ్ళీ పన్ను పడదు. డీడులో రాసుకున్న వాటాల ప్రకారం పంచుకోవడమే. ఎల్ఎల్‌పీ (లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్) అయినా ఇంతే. మీ కాగితాల్లో 'ప్రైవేట్ లిమిటెడ్' అని ఉండి, కంపెనీల రిజిస్ట్రార్ ఇచ్చిన ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్టు ఉంటేనే మిగతాది చదవండి.

ఇంకోటి కూడా ఇప్పుడే చూసుకోండి. మీరు ఇచ్చిన డబ్బు ఏ పేరుతో ఉంది? పది లక్షలిచ్చాను అనుకుంటారు. పుస్తకాల్లో చూస్తే లక్ష మాత్రమే షేరు క్యాపిటల్ (వాటా పెట్టుబడి), మిగతా తొమ్మిది అన్‌సెక్యూర్డ్ లోను (తాకట్టు లేని అప్పు) అని ఉంటుంది. లోను మీద వచ్చేది వడ్డీ, అదీ ఇస్తామని రాసుకుంటేనే. డివిడెండు షేర్ల మీదే వస్తుంది. ఈ ఒక్క ముక్క తెలియక అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. షేరు సర్టిఫికెట్టు గానీ డీమ్యాట్ స్టేట్‌మెంటు గానీ మీ చేతిలో లేకపోతే రేపే అడగండి.

లాభం ఎంతో తేల్చండి

అసలు పని ఇదే. ఇక్కడ తప్పితే తర్వాత ఎన్ని మీటింగులు పెట్టినా ఉపయోగం లేదు. చేతి లెక్కతో చూపిస్తాను. అంకెలు నావి, వరస మాత్రం నిజం కంపెనీదే.

మూడెకరాలంటే 14,520 గజాలు. రోడ్లు, పార్కుకు వదిలిన స్థలం పోగా అమ్మడానికి 8,400 గజాలు మిగిలాయనుకోండి. 200 గజాల చొప్పున 42 ప్లాట్లు. భూమికి 3 కోట్లు, రోడ్లు డ్రైన్లు కరెంటు స్తంభాలు అప్రూవల్ అన్నీ కలిపి కోటీ 20 లక్షలు. మొత్తం 4 కోట్ల 20 లక్షలు. అంటే గజానికి మీకు పడింది 5,000. అమ్మేది 8,000. ఒక ప్లాటు మీద రాబడి 16 లక్షలు, ఖర్చు 10 లక్షలు.

మార్చి 31 నాటికి 15 ప్లాట్లు రిజిస్ట్రేషన్ అయ్యాయి. ఇంకో 10 ప్లాట్లకు అగ్రిమెంట్లయి తలా 8 లక్షలు వచ్చాయి. మరో 7 ప్లాట్లకు లక్షన్నర చొప్పున టోకెన్ అడ్వాన్సు కట్టారు. మిగిలిన 10 ప్లాట్లకు ఇంకా ఎవరూ రాలేదు.

మన వాళ్ళు వేసే లెక్క ఎలా ఉంటుందంటే: వచ్చిన డబ్బు 3 కోట్ల 30 లక్షల పైన, ఖర్చులు పోను బ్యాంకులో కోటీ పది ఉంది, ఆరుగురం పంచుకుంటే తలా 18 లక్షలు.

ఆడిటరు లెక్క ఇలా ఉంటుంది. అమ్మకం కింద చూపించేది స్వాధీనం చేసి రిజిస్టరు చేసిన 15 ప్లాట్లే. 15 పదహార్లు 2 కోట్ల 40 లక్షలు. వాటి ఖర్చు కోటిన్నర. ఇంకా వెయ్యని డ్రైన్లలో ఈ ప్లాట్ల వాటాకు పడే ఖర్చు కూడా అందులో కలిపే ఉంది. మిగిలింది 90 లక్షలు. ఏజెంట్ల కమీషను, వడ్డీ, ఆఫీసు, జీతాలు కలిపి 26 లక్షలు, తరుగుదల (సామాను వాడకంలో తగ్గిన విలువ) 2 లక్షలు తీసేస్తే 62 లక్షలు. కిందటేడు నష్టం 14 లక్షలు ఉంది కాబట్టి పన్ను 48 లక్షల మీద. కంపెనీ 22 శాతం రేటు ఎంచుకుని ఉంటే సర్‌ఛార్జి, సెస్సుతో కలిపి 25.168 శాతం, అంటే సుమారు 12 లక్షలు. పన్ను పోను 50 లక్షలకు అటూ ఇటూ. అందులోంచి కిందటేటి నష్టం 14 లక్షలు పూడ్చాలి. కంపెనీల చట్టం 123వ సెక్షన్ ప్రకారం పాత నష్టం, పాత తరుగుదల పూడ్చకుండా ఈ ఏటి లాభం పంచకూడదు. పూడ్చాక తేలింది 36 లక్షలు.

కోటీ పది ఎక్కడ, 36 ఎక్కడ! పెద్దాయన ఇక్కడే కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

మరి అగ్రిమెంటు చేసుకున్న వాళ్ళు ఇచ్చిన 80 లక్షలు, టోకెన్లు పదిన్నర లక్షలు ఏమయ్యాయి? అవి మనకు లాభం కావు, మన మీద బాకీ. ప్లాటు చేతికిచ్చే దాకా ఆ డబ్బు కొనేవాడిదే. బ్యాలెన్స్ షీట్‌లో 'కస్టమర్ల అడ్వాన్సులు' అని అప్పుల వైపున ఉంటుంది చూడండి.

'విమానాశ్రయం వస్తోంది, మనం 8,000కి అమ్మేది ఇప్పుడు బయట 12,000 పలుకుతోంది, ఆ పెరిగింది కూడా మనదే కదా' అన్న వాదన ఇంకోటి ఉంటుంది. భోగాపురం, డెంకాడ, పూసపాటిరేగ వైపు ఇది వినని మీటింగు లేదు. మీదే, కానీ అమ్మినప్పుడు. వెంచర్ కంపెనీకి భూమి అంటే కిరాణా కొట్టుకు కందిపప్పు లాంటిది, సరుకు. సరుకును కొన్న ధర, అమ్ముడుపోయే ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే దానికే రాస్తారు. ఒకవేళ ఎవరైనా వాల్యుయేషన్ రిపోర్టు తెచ్చి ఆస్తి విలువ పెంచి రాసినా, ఆ పెరుగుదలలోంచి డివిడెండు ఇవ్వకూడదని చట్టంలో స్పష్టంగా ఉంది. చేతికి రాని లాభాన్ని పంచే వీల్లేదు.

ఇప్పుడు డబ్బు ఏ ఖాతాలో ఉందో చూడండి

36 లక్షలు లాభం తేలింది కదా అని 36 లక్షలకు చెక్కులు రాయలేరు. 2016లో వచ్చిన రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటు గానీ, 8 ఫ్లాట్లు దాటిన అపార్ట్‌మెంటు గానీ రిజిస్టరు చేయించాలి. మూడెకరాలంటే అడగనే అక్కర్లేదు. రిజిస్టరైన వెంచర్‌లో కొనేవాళ్ళు ఇచ్చే ప్రతి వంద రూపాయల్లో 70 రూపాయలు విడిగా ఒక ఖాతాలో వెయ్యాలి. అది ఆ ప్రాజెక్టు భూమికి, పనులకే వాడాలి. పని ఎంత శాతం అయిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, సీఏ ముగ్గురూ సర్టిఫికెట్టు ఇస్తే ఆ మేరకే తీసుకోవాలి. ఏడాది ముగిసిన ఆరు నెలల్లోపు ఆ ఖాతాను సీఏ చేత ఆడిట్ కూడా చేయించాలి. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతం మించి అడ్వాన్సు తీసుకోకూడదు. 16 లక్షల ప్లాటుకు టోకెన్ లక్షన్నర దగ్గర ఎందుకు ఆపానో ఇప్పుడు తెలిసింది కదా.

పెద్దాయన తెచ్చిన కోటీ పదిలో 72 లక్షలు ఈ రెరా ఖాతాలోనే ఉన్నాయి. చేతిలో ఆడేది 38 లక్షలు. అందులోంచే ఆఫీసు అద్దె, జీతాలు, వచ్చే అడ్వాన్స్ ట్యాక్సు వాయిదా.

బ్యాంకు అప్పుంటే సాంక్షన్ లెటరు (అప్పు మంజూరు పత్రం) బయటికి తీసి చదవండి. బకాయిలున్నప్పుడు బ్యాంకు అనుమతి లేకుండా డివిడెండు ప్రకటించకూడదన్న షరతు చాలా లెటర్లలో ఉంటుంది. సంతకం పెట్టిన రోజు ఆ పేజీ ఎవరూ చదవరు.

ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు సంగతి కూడా ఉంది. కంపెనీ పేరు మీద బయటివాళ్ళ దగ్గర అలా తీసుకుంటే అది డిపాజిట్ కిందికి వస్తుంది. డిపాజిట్ల నిబంధనలు తప్పిన కంపెనీ, ఆ తప్పు సరిదిద్దుకునే దాకా ఈక్విటీ షేర్ల మీద డివిడెండు ప్రకటించకూడదు. ప్లాటు కోసం అగ్రిమెంటు ప్రకారం తీసుకుని ఆ ప్లాటుకే సర్దుబాటు చేసే అడ్వాన్సు డిపాజిట్ కాదు. 'ఐదు లక్షలు పెట్టు, ఏడాదికి ఆరు చేసి ఇస్తాం' అన్నది మాత్రం డిపాజిట్టే, రసీదు మీద ప్లాటు నంబరు రాసినంత మాత్రాన మారదు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. నేను లెక్కలు రాసిన తొలి వెంచర్లలో ఒకదానికి సిరిమాను పండగ ముందు బుకింగులు బాగా వచ్చాయి. డైరెక్టర్లు తలా ఐదు లక్షలు పట్టుకెళ్ళారు. దాన్ని ఏమని రాయాలని అడిగితే 'డైరెక్టర్స్ అడ్వాన్స్ అని రాసేయ్, మార్చికి సర్దుదాం' అన్నారు. రాశాను. కుర్రాణ్ణి, కాదనలేదు. ఆ తర్వాత వానలకు మట్టి రోడ్డు తెగిపోయింది, కల్వర్టు కట్టడానికి డబ్బు లేదు. కొన్నవాళ్ళు ఆఫీసులో బెంచీ మీద కూర్చునేవారు, వాళ్ళకు టీ తెప్పించడం కూడా నా పనే అయింది. పట్టుకెళ్ళిన డబ్బు తిరిగి రావడానికి రెండేళ్ళు పట్టింది. వచ్చిన ఏడాదే దాని మీద పన్ను నోటీసు కూడా వచ్చింది. అది ఎందుకొచ్చిందో కింద చెప్తాను.

ఎంత ఇవ్వాలో ముందే రాసిపెట్టుకోండి

షేరు మార్కెట్‌లో మార్కెట్ విలువ ప్రకారం మొదటి 1000 కంపెనీలు డివిడెండు పాలసీ రాసి వెబ్‌సైట్లో పెట్టాలని షేరు మార్కెట్‌ను నియంత్రించే సెబీ నియమం. 2016లో మొదటి 500 కంపెనీలకు పెట్టారు, 2021లో వెయ్యికి పెంచారు. మన ఆరుగురి కంపెనీకి ఆ నిర్బంధం లేదు. కానీ నన్నడిగితే ఆ పెద్ద కంపెనీలకంటే మనకే అది ఎక్కువ అవసరం. అక్కడ వాటాదారుకు నచ్చకపోతే షేరు అమ్మేసి వెళ్ళిపోతాడు. ఇక్కడ ఎవరికి అమ్ముతారు? పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ మళ్ళీ ఆ మొహాలే చూడాలి.

ఒక ఫుల్‌స్కేప్ పేజీ చాలు. మొదటి వెంచరు మొదటి ప్లాటు అమ్మకముందే రాయండి, లాభం కళ్ళబడ్డాక ఎవరి లెక్క వారిది. నేను రాయించే మాటలు దాదాపు ఇలా ఉంటాయి:

'లేఅవుటులో రోడ్లు, డ్రైన్లు, కరెంటు, నీళ్ళ పని పూర్తయ్యే వరకు డివిడెండు పన్ను, పాత నష్టం పోను లాభంలో 30 శాతం మించదు. పనులు పూర్తయి, ప్లాట్లలో నాలుగింట మూడొంతులు రిజిస్టరైన తర్వాత 60 శాతం వరకు ఇవ్వవచ్చు. ముందుగా తీరవలసినవి వరసగా: కొనుగోలుదారులకు చేయవలసిన పనులు, ప్రభుత్వ పన్నులు, బ్యాంకు వాయిదాలు, వచ్చే ఆరు నెలల ఆఫీసు ఖర్చు. మిగిల్చిన లాభం కొత్త భూమికి వాడేటట్లయితే ఆ భూమి వివరం వాటాదారులందరికీ రాతపూర్వకంగా తెలపాలి. మధ్యంతర డివిడెండు ఉండదు.'

చివరి రెండు వాక్యాలకూ కారణం ఉంది. మన దగ్గర గొడవ ఎక్కువగా 'లాభం ఇవ్వలేదు' అని మొదలవ్వదు. 'మాకు చెప్పకుండా రణస్థలం దగ్గర ఇంకో రెండెకరాలకు అడ్వాన్సు ఇచ్చేశారు' అని మొదలవుతుంది. లాభం కంపెనీలోనే ఉంచుకోవడం తప్పేం కాదు. గోద్రెజ్ ప్రాపర్టీస్ అంత పెద్ద సంస్థ కూడా ఇటీవలి ఏళ్ళలో డివిడెండు ఇవ్వకుండా డబ్బును కొత్త ప్రాజెక్టుల్లోనే పెడుతోంది. చెప్పి ఉంచుకుంటే అది పాలసీ, చెప్పకుండా ఉంచుకుంటే అనుమానం.

మధ్యంతర డివిడెండు ఏడాది మధ్యలో డైరెక్టర్లే ప్రకటించవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. పెద్ద కంపెనీలు ఇస్తాయి కూడా. కానీ వెంచరు రాబడి నెలనెలా వచ్చేది కాదు. శ్రావణంలో పది రిజిస్ట్రేషన్లు అయితే ఆషాఢంలో ఒక్కటి ఉండదు. సెప్టెంబరులో లాభం చూసి పంచాక, మార్చి నాటికి రెండు బుకింగులు క్యాన్సిలై లాభం తరిగిపోతే పంచింది వెనక్కి రాదు.

30, 60 అన్న అంకెలు వేదవాక్కులేం కావు. అపార్ట్‌మెంటు కడుతుంటే నేను ఇంకా తగ్గించమంటాను, ఎందుకంటే స్వాధీనం చేశాక ఐదేళ్ళ వరకు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో సరిచెయ్యాలి. చివరి అంతస్తు స్లాబు కారితే డివిడెండు తీసుకున్న వాళ్ళెవరూ ఫోన్ ఎత్తరు.

మన ఉదాహరణకు వద్దాం. 36 లక్షల్లో 30 శాతం 10 లక్షల 80 వేలు. క్యాపిటల్ 60 లక్షలు, పది రూపాయల షేర్లు 6 లక్షలు. షేరుకు రూపాయి 80 పైసలు వస్తుంది. చేతిలో ఉన్న 38 లక్షల్లోంచి ఇది ఇవ్వగలరు.

లాభం లేని ఏడాది పాత నిల్వల్లోంచి ఇవ్వొచ్చా అని అడుగుతారు. ఇవ్వొచ్చు, కట్టుబాట్లతో. రేటు గత మూడేళ్ళ సగటు దాటకూడదు. తీసే మొత్తం క్యాపిటల్, ఫ్రీ రిజర్వులు (పంచడానికి వీలున్న పాత లాభాల నిల్వ) కలిపిన దాంట్లో పదో వంతు మించకూడదు. ఆ ఏటి నష్టం ముందు పూడ్చాలి. తీశాక మిగిలే నిల్వ క్యాపిటల్‌లో 15 శాతానికి తగ్గకూడదు. నేనైతే ఆ దారి వద్దనే చెప్తాను.

మీటింగు, తర్వాత ఐదు రోజులు

డైరెక్టర్లు బోర్డు మీటింగులో లెక్కలు ఆమోదించి 'షేరుకు రూ. 1.80 సిఫార్సు చేస్తున్నాం' అని తీర్మానం రాస్తారు. ప్రకటించేది మాత్రం వాటాదారుల వార్షిక సమావేశం. అది సెప్టెంబరు 30 లోపు జరగాలి, 21 రోజుల ముందు నోటీసు వెళ్ళాలి. వాట్సాప్ గ్రూపులో 'రేపు సాయంత్రం అందరూ రండి' అని పెడితే అది నోటీసు కాదు. కంపెనీలు మామూలుగా పెట్టుకునే నియమావళి ప్రకారం సమావేశం బోర్డు చెప్పిన రేటును తగ్గించగలదు గానీ పెంచలేదు. కాబట్టి వాటాదారుగా మీ వాదన ఏదైనా ఉంటే బోర్డు మీటింగుకు ముందే డైరెక్టర్ల చెవిన వెయ్యండి.

ప్రకటించిన క్షణం నుంచి అది కంపెనీ తీర్చవలసిన బాకీ. గడియారం అప్పుడే మొదలవుతుంది. ఐదు రోజుల్లో మొత్తం 10 లక్షల 80 వేలు షెడ్యూల్డ్ బ్యాంకులో విడిగా తెరిచిన ఖాతాలో పడాలి. అది కొత్త ఖాతా కాబట్టి మీటింగుకు ముందే బ్రాంచిలో కాగితాలు ఇచ్చి ఉంచండి. మీటింగు అయ్యాక వెళ్తే 'కేవైసీ కావాలి, మేనేజరు సెలవులో ఉన్నారు' అంటారు, ఐదు రోజులు అక్కడే అయిపోతాయి. 30 రోజుల్లో అందరికీ చేరాలి. చేరకపోతే ఆలస్యమైన రోజులకు కంపెనీ 18 శాతం వడ్డీ ఇవ్వాలి, మన భాషలో రూపాయిన్నర వడ్డీ. తెలిసి ఎగ్గొట్టిన డైరెక్టరుకు రెండేళ్ళ వరకు జైలు, రోజుకు వెయ్యి రూపాయలకు తగ్గకుండా జరిమానా ఉన్నాయి. అందుకే డబ్బు ఖాతాలో చూసుకున్నాకే ప్రకటించమని మొత్తుకుంటాను.

పన్ను ఎవరు కట్టాలి

2020 మార్చి వరకు కంపెనీయే డివిడెండు మీద పన్ను కట్టేది. ఆ అలవాటులో ఉన్నవాళ్ళు ఇంకా 'మాకు పన్ను లేదు కదా' అంటారు. ఆ ఏప్రిల్ 1 నుంచి అది తీసుకున్నవారి ఆదాయంలో కలుస్తోంది. ఒక మనిషికి ఏడాదిలో ఒక కంపెనీ నుంచి వచ్చే డివిడెండు 10,000 దాటితే కంపెనీ 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) పట్టుకోవాలి. 2025 ఏప్రిల్‌కి ముందు ఈ హద్దు 5,000. పాన్ ఇవ్వని వారికి 20 శాతం పడుతుంది. వాటాదారు విదేశాల్లో స్థిరపడిన ఎన్ఆర్ఐ అయితే 10,000 హద్దు వర్తించదు, మామూలు రేటే 20 శాతం, పైన సర్‌ఛార్జి, సెస్సు. ఆ దేశంతో ఉన్న పన్ను ఒప్పందాన్ని బట్టి తగ్గొచ్చు. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్న తమ్ముడి పేరు మీద షేర్లుంటే ఈ సంగతి ముందే ఆడిటరుకు చెప్పండి.

మన పెద్దాయనకు లక్ష షేర్లు. లక్షా 80 వేలు రావాలి, 18 వేలు టీడీఎస్ పోను ఖాతాలో లక్షా 62 వేలు పడింది. ఆయన రిటైరైన మాస్టారు, పెన్షనూ ఇదీ కలిపి ఏడాదికి 12 లక్షల లోపే కాబట్టి కొత్త పన్ను విధానంలో ఆయనకు పన్ను లేదు. రిటర్ను వేస్తే ఆ 18 వేలూ వెనక్కొస్తాయి. వెయ్యకపోతే రావు. టీడీఎస్ పట్టిన నెల తర్వాత వచ్చే 7వ తేదీలోగా కంపెనీ అది ప్రభుత్వానికి కట్టాలి. కట్టిందో లేదో ఆదాయపు పన్ను సైట్లో మీ పన్ను స్టేట్‌మెంటులో చూసుకోండి. పట్టుకుని కట్టని కంపెనీలూ ఉంటాయి.

చెయ్యకూడనివి కొన్ని

'నాకు డబ్బొద్దు, ఆ తూర్పు మూల కార్నర్ ప్లాటు రాసేయండి' అంటారు ఒకరు. కుదరదు. డివిడెండు డబ్బు రూపంలోనే ఇవ్వాలి, చెక్కు గానీ బ్యాంకు బదిలీ గానీ. ప్లాటు కావాలంటే అందరిలాగే ధర కట్టి కొనుక్కోవాలి. లాభాన్ని బోనస్ షేర్లుగా (డబ్బు తీసుకోకుండా ఇచ్చే అదనపు షేర్లు) మార్చడానికి మాత్రం దారుంది.

'నేను ఎండలో తిరిగాను, నాకు ఎక్కువ ఇవ్వాలి.' తిరిగిన మాట నిజమే. దానికి జీతమో కమీషనో తీర్మానం చేసి ఇవ్వండి. ఒకే రకం షేర్ల మీద డివిడెండు మాత్రం ఒకరికి రెండు రూపాయలు, ఒకరికి రూపాయి అని ఉండదు.

అన్నిటికంటే ఖరీదైన తప్పు చేబదులు. కూతురి పెళ్ళి ఉంది, కంపెనీ నుంచి పది లక్షలు తీసుకుంటా, ఆర్నెల్లలో ఇచ్చేస్తా అంటారు. ఇలాంటి చిన్న కంపెనీలో 10 శాతం లేదా అంతకు మించి ఓటు హక్కున్న వాటాదారుకు కంపెనీ అప్పిస్తే, కంపెనీలో పోగుపడిన లాభం ఉన్నంత మేరకు ఆ అప్పును ఆదాయపు పన్ను చట్టం డివిడెండుగానే లెక్కవేస్తుంది. మీరు తిరిగి కట్టేసినా సరే. ఆరుగురే వాటాదారులైతే దాదాపు అందరూ 10 శాతం పైనే ఉంటారు. నా తొలి వెంచర్‌కు వచ్చిన నోటీసు ఇదే. నేను రాసిన 'డైరెక్టర్స్ అడ్వాన్స్' ఎంట్రీ తేదీతో సహా అందులో ఉంది.

షేరు మార్కెట్లో కొన్న కంపెనీలైతే

ఇంట్లో పిల్లలు ఫోన్లో డీఎల్ఎఫ్ లాంటి కంపెనీల షేర్లు కొంటున్నారు, వాళ్ళకో రెండు మాటలు. '300 శాతం డివిడెండు' అని చూసి ఎగరకండి. శాతం షేరు ముఖ విలువ (షేరు మీద రాసి ఉండే విలువ, మార్కెట్ ధర కాదు) మీద చెప్తారు. డీఎల్ఎఫ్ ముఖ విలువ 2 రూపాయలు. 2024-25కి ఇచ్చింది షేరుకు 6 రూపాయలు, అదే 300 శాతం. షేరు కొనాలంటే వందల రూపాయలు పెట్టాలి, ఆ ధర మీద లెక్కేస్తే ఒక శాతం చుట్టుపక్కల ఉంటుంది. డివిడెండు రావాలంటే రికార్డు తేదీకి (వాటాదారులెవరో కంపెనీ చూసుకునే రోజు) కనీసం ఒక పని దినం ముందు కొని ఉండాలి. ఆ రోజు కొంటే పాతవాడికే వెళ్తుంది.

ఏటా కచ్చితంగా డబ్బు చేతికి రావాలనుకునే వాళ్ళు కట్టి అమ్మే కంపెనీల కంటే రీట్‌లు (అద్దెల భవనాల్లో పెట్టుబడి పెట్టే ట్రస్టులు) చూడటం నయం. వీటిలో ఆస్తుల విలువలో కనీసం 80 శాతం కట్టడం పూర్తయి అద్దెలొస్తున్న భవనాలే ఉండాలి. పంచదగిన నగదులో కనీసం 90 శాతం పంచాలని సెబీ నియమం కూడా ఉంది. ఎంబసీ ఆఫీస్ పార్క్స్ 2019 ఏప్రిల్‌లో మన దేశంలో మొదటగా లిస్టయింది. అక్కడ వచ్చేది అద్దె డబ్బు, ఇక్కడ వచ్చేది ప్లాటు అమ్మిన డబ్బు, రెండింటినీ ఒకే కాటాలో తూచకండి.

చేరని డివిడెండు

ఆరుగురిలో ఒకరి ఖాతా మూసేసి ఉంటుంది, ఒకరు పోయి ఉంటారు, వారసత్వం తేలి ఉండదు. 30 రోజుల తర్వాత ఇంకో 7 రోజుల్లో ఆ మిగిలిన డబ్బును 'చెల్లించని డివిడెండు ఖాతా'కు మార్చాలి. మార్చకపోతే దాని మీద 12 శాతం, రూపాయి వడ్డీ. ఏడేళ్ళు ఎవరూ అడగకపోతే డబ్బు కేంద్ర ప్రభుత్వ ఇన్వెస్టర్ నిధికి (ఐఈపీఎఫ్) వెళ్తుంది. వరసగా ఏడేళ్ళు డివిడెండు తీసుకోకపోతే షేర్లే అటు వెళ్ళిపోతాయి. అలా వెళ్ళినా దక్కనట్టు కాదు, ఐఈపీఎఫ్-5 ఫారం ఆన్‌లైన్‌లో వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

లిస్టైన కంపెనీల కాగితం షేర్లున్న వాళ్ళకు 2024 ఏప్రిల్ నుంచి పాన్, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా, సంతకం నమూనా ఇచ్చి కేవైసీ పూర్తి చేస్తే తప్ప డివిడెండు రాదు, అదీ బ్యాంకు ఖాతాకే. డివిడెండు వారెంటు (చెక్కు లాంటి కాగితం) పోస్టులో వచ్చే రోజులు పోయాయి. దాసన్నపేటలో ఒకామె వాళ్ళ నాన్న ట్రంకు పెట్టెలోంచి షేరు సర్టిఫికెట్లు తెచ్చి చూపించారు. కాగితాలు పసుపు పచ్చగా అయిపోయి మడతల దగ్గర చిరిగాయి. డెత్ సర్టిఫికెట్టు, వారసుల సర్టిఫికెట్టు, ఆమె పాన్, ఆధార్, క్యాన్సిల్ చేసిన చెక్కు తెమ్మని చిట్టీ రాసిచ్చాను. మీ ఇంట్లోనూ అలాంటి పెట్టె ఉంటే ఆ ఐదూ ఒక కవరులో పెట్టుకుని ఆ కంపెనీ షేర్ల రికార్డులు చూసే రిజిస్ట్రార్ ఏజెంటుకు రాయండి. చిరునామా కంపెనీ వెబ్‌సైట్లోనే ఉంటుంది.